పదిహేను చుక్కలు, ఒక గుప్పిట

కాపర్ బెండ్, అప్పర్ మిషిగన్
జనవరి 5

చిరంజీవి ఐలాకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోన్ చేరింది. అందులో నాతో మాట్లాడదామని మాత్రం అనుకోకు. నలభై ఏళ్ళు ఇంజన్ల మధ్య గడిపిన చెవులివి. అవతల ఉన్నది మీ అమ్మో, బీమా కంపెనీవాడో తేలక ఇద్దరికీ "సరే" అనేస్తున్నాను. ఇప్పుడు నాకు పడవ బీమా ఉంది. పడవ లేదు. మెసేజీలకి నా వేళ్ళు లావు. కాబట్టి ఉత్తరమే రాయి.

ఫోన్ ఎందుకడిగానంటే, మా క్లబ్బు ప్రతి ఫిబ్రవరిలో చేసే మోటారు మంచుబండ్ల యాత్రకి ముప్పై ఒక్క ఏళ్ళుగా ముందుబండి నాది. ఈ ఏడు డారిల్ బోషాంప్ కొత్త రూలు తెచ్చాడు. ముందుబండి మనిషి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉండాలట, అందులో యాప్ ఉండాలట, వచ్చే పదిహేనుమందీ దాంట్లో పదిహేను చుక్కలై కనబడాలట. "నీకు కష్టమైతే నేను నడిపిస్తాలే రైనో" అన్నాడు, అప్పుడే గడ్డం గీసుకొచ్చిన మొహంతో. 26న ఓటింగు. తుఫానులో కార్బ్యురేటర్ విప్పి బిగించినవాణ్ణి, ఈ అద్దంముక్క నాకో లెక్కా?

ఇట్లు,
మామయ్య రైనో

తా.క. గ్లవ్స్ ఉంటే ఇది వేలిని గుర్తుపట్టదు. తీస్తే వేలు నాకే తెలియడం మానేస్తుంది. ముక్కుతో నొక్కి చూశాను, పనిచేసింది. ఈ జిల్లాలో ముక్కుతో మ్యాపు చదివేది ప్రస్తుతం నేనొక్కణ్ణే.


మినియాపొలిస్
జనవరి 10

మామయ్యకి,

ఐలా నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, అంటే తొమ్మిదో అంతస్తులో కూర్చుని ఇతరులు చేసిన తప్పుల్ని పట్టికల్లో పెడుతున్నాను. నా చదువుకి ఈ ఊరు ఇచ్చిన పని అది. కిటికీలోంచి మంచు కనిపిస్తుంది, దాని మీద ఉప్పు చల్లేవాళ్ళు కూడా.

ముందుబండి నీదే. డారిల్‌కి ఇవ్వనివ్వను. మూడు సంగతులు గుర్తుపెట్టుకో చాలు. బయల్దేరే ముందే మ్యాపు ఫోన్లోకి దింపుకోవాలి, లోయల్లో టవరు అందదు. నువ్వెక్కడున్నావో నాకు కనబడే మీట ఎప్పుడూ వేసే ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫోన్‌ని వెచ్చగా ఉంచాలి. చలికి బ్యాటరీ నిండుగా ఉన్నా చచ్చిపోతుంది. ఎంత వెచ్చగా ఉంటే అంత మంచిది.

ఇట్లు,
నీ మేనకోడలు ఐలా

తా.క. నిన్న నీ చుక్క సిల్వీ బేకరీలో నలభై నిమిషాలు ఆగింది. నీ షుగర్ డాక్టరుగారు అక్కడ కూర్చోరని నాకు తెలుసు.


కాపర్ బెండ్
జనవరి 17

చిరంజీవి ఐలాకి,

సరస్సు మీదికి తాళ్ళూ పడవా ఇచ్చి ఆరుగురిని పంపించింది నువ్వేనా?

మంగళవారం మధ్యాహ్నం మంచుగడ్డకి కన్నం పెట్టి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని చేపలు పడుతున్నాను. నాలుగు బండ్లు దూసుకొచ్చాయి. షెరీఫ్ మనిషి దిగి, "రైనో హ్యూతాలా మీరేనా?" అన్నాడు.

"పుట్టినప్పట్నుంచీ" అన్నాను.

"రెండుంబావుకి మీరు ఇక్కడ మంచు విరిగి మునిగిపోయారని మినియాపొలిస్ నుంచి ఫోనొచ్చింది."

"రెండుంబావుకి నేనిక్కడే ఉన్నాను. అలాంటిదేం గమనించలేదు" అన్నాను.

ఆ ఆరుగురిలో డారిల్ కూడా ఉన్నాడు. వాడు నవ్వలేదు. భుజం మీద చెయ్యి వేశాడు. అది ఇంకా ఘోరం. సాయంత్రానికి ఊరంతా నేను మునిగిపోయిన సంగతి నాకే వివరంగా చెప్పారు.

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను కదా. ఎంత వెచ్చగా ఉంటే అంత మంచిదన్నావు. నా బండిలో పొగగొట్టం మీద బిగించిన వంటపెట్టె కంటే వెచ్చని చోటు ఈ రాష్ట్రంలో లేదు. మాంసం, టర్నిప్ కూరిన పాస్టీ రొట్టెతో పాటు ఫోన్‌ని కూడా రేకుకాగితంలో శుభ్రంగా చుట్టి అందులో పెట్టాను.

ఇట్లు,
బతికే ఉన్న మామయ్య

తా.క. పాస్టీ అద్భుతంగా కాలింది. ఫోన్ నుంచి ఇప్పటికీ టర్నిప్ వాసన వస్తోంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఆకలేస్తోంది.


మినియాపొలిస్
జనవరి 22

మామయ్యకి,

రేకుకాగితం చుడితే ఫోన్‌కి సిగ్నలే కాదు, గాలి కూడా అందదు. నీ చుక్క సరస్సు నడిమధ్యకి వెళ్ళి టప్పున ఆరిపోయింది. నేనేమనుకోవాలి, పాస్టీతో కలిసి కాలుతోందనుకోవాలా? ఆ గంటన్నర నేను ఎలా ఉన్నానో నీకు చెప్పను. మా మేనేజరుకి మాత్రం తెలుసు, ఆయన బల్ల కిందినుంచే ఫోన్లు చేశాను, అక్కడే సిగ్నల్ బాగుంటుంది. ఇకమీదట దాన్ని ఉన్నిమేజోడులో వేసి ఛాతీకి ఆనించుకో. అంతకుమించి వెచ్చన వద్దు.

ఇంకో ప్రమాదం ఉంది. ఆ యాప్ మనిషి ఎక్కువసార్లు వెళ్ళిన దారిని ఎర్రగీత చేస్తుంది. ఎన్నిసార్లు వెళ్తే గీత అంత లావవుతుంది, పక్కన నక్షత్రాలు కూడా పెడుతుంది. ఒడ్డునుంచి నీ చేపల కన్నం దాకా ఇప్పటికే మూడు నక్షత్రాల రాజమార్గం పడింది. ఇప్పటికి అది నీకూ నాకే కనబడుతోంది. పక్కన "అందరికీ చూపించు" అని ఒక మీట ఉంది. దాన్ని ముట్టుకోకు. ముక్కుతో కూడా.

26న ఏమైందో వెంటనే రాయి.

ఇట్లు,
ఐలా

తా.క. షెరీఫ్ ఆఫీసావిడ నాకు ఫోన్ చేసి, "మీ మామయ్య దొరికారు, చేపలు పెద్దవే పడ్డాయి" అంది. సంతోషించాలో, నిన్ను నేనే ముంచాలో తెలియలేదు.


కాపర్ బెండ్
జనవరి 29

చిరంజీవి ఐలాకి,

ఎనిమిది, ఏడు. ఎనిమిది డారిల్‌కి.

మునిగిపోయిన మనిషికి ఓటెయ్యడం బాగుండదని ఒకడు అన్నాట్ట. నన్ను గౌరవంగా తోకబండిలో పెట్టారు. నువ్వు చిన్నప్పుడు నా వెనక కూర్చుని వచ్చేదానివి, గుర్తుందో లేదో. ఎదురుగా ఎవరైనా వస్తే ముందుబండి మనిషి వేళ్ళెత్తి తన వెనక ఎందరున్నారో చూపిస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నా వేళ్ళు ఎత్తాను. ఆఖరివాడు గుప్పిట మూసి ఎత్తుతాడు, నా వెనక ఇంకెవరూ లేరు అని. నిన్న అద్దం ముందు ఒకసారి గుప్పిట ఎత్తి చూసుకున్నాను. అలవాటు కాలేదు.

సరే, ఏడ్చే పని కాదిది. ఫోన్ ఇప్పుడు నా మాట వింటోంది. మేజోడులో పడుకుంటోంది. డారిల్ దాన్ని ఎలా వాడతాడో కూడా దగ్గరుండి చూశాను. ఎర్రగీత కనబడితే వాడు ఇంక తలెత్తి ముందుకి చూడడు.

ఇట్లు,
మామయ్య

తా.క. నువ్వు ముట్టుకోవద్దన్న మీట దొరికింది. ఎక్కడుందో తెలిస్తేనే కదా ముట్టుకోకుండా ఉండగలం.


మినియాపొలిస్
ఫిబ్రవరి 5

మామయ్యకి,

ఓటు సంగతి చదివి ఆఫీసులోనే ఏడుపొచ్చింది. తప్పంతా నాది. ఆ ఆరుగురిని నేను పంపకపోతే ఎనిమిది నీకే పడేవి.

ఇప్పుడు నువ్వు నిజం చెప్పాలి. వారం నుంచి నీ చుక్క పాత టవరు దగ్గరి అడవి అంచుకి వెళ్తోంది, తిరిగి ఇంటికి వస్తోంది, మళ్ళీ వెళ్తోంది. నిన్న పదకొండుసార్లు. ఒకే గీత మీద. ఎందుకు వెళ్ళావో అక్కడికి వెళ్ళాక మర్చిపోతున్నావా? లేక దేన్నో పారేసుకుని వెతుకుతున్నావా? ఓటు పోయిందని మనసు చెదిరిందా? ఏడు రాత్రుళ్ళుగా ఇదే ఆలోచన. అమ్మకి చెప్పాను. 12న నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. జ్ఞాపకశక్తి పరీక్ష. గొడవ పెట్టకుండా వెళ్ళు మామయ్యా, నాకోసం.

ఇట్లు,
నీ ఐలా

తా.క. పరీక్షలో ఈరోజు ఏ వారం అని అడుగుతారు. "చేపల వారం" అని చెప్పకు.


కాపర్ బెండ్
ఫిబ్రవరి 16

చిరంజీవి ఐలాకి,

ముందు డాక్టరు సంగతి. ముప్పైకి ముప్పై వచ్చాయి. మీ అమ్మ కూడా సరదాకి రాసింది. ఆమె మార్కులు నేను చెప్పను, ఆమె నాకంటే బలమైనది.

14న, యాత్ర రోజు, సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. రాత్రి పడ్డ మంచుకి దారి గుర్తుకర్రలన్నీ కూరుకుపోయాయి. మొదటి మజిలీకే మూడు ఫోన్లు చచ్చాయి. డారిల్ తనది తప్ప అందరి ఫోన్లూ పోగుచేసి తన ఇంజన్ పక్క వెచ్చని అరలో పెట్టుకున్నాడు, చచ్చినవీ మళ్ళీ లేచాయి. "ఇది రైనో నేర్పిన విద్యే, రేకుకాగితం లేకుండా" అన్నాడు. అందరూ నవ్వారు. నాది మేజోడుతో సహా ఇచ్చాను. నువ్వు ఆ పూట తెరమీద చూసి మురిసిపోయే ఉంటావు, పదిహేను చుక్కలూ ఎంత ఐకమత్యంగా పోతున్నాయో అని.

టవరు దాటాక నా ముందున్న వెర్న్ బండికి బెల్టు తెగింది. నేను తోకబండిని, ఆగాను. ముందున్న పదమూడు మందీ మంచుధూళిలో కలిసిపోయారు. డారిల్ వెనక్కి తిరిగి చూస్తే ధూళి, కిందికి చూస్తే తెరమీద పదిహేను చుక్కలు. ఏది నమ్ముతాడు? బెల్టు మార్చడానికి అరగంట పట్టింది. వెర్న్ పళ్ళు టకటకలాడుతున్నాయి. "మనకోసం వస్తారంటావా?" అన్నాడు.

"రారు. మనం వాళ్ళతోనే ఉన్నాం" అన్నాను.

వెర్న్‌ని ముందు పెట్టి, వాళ్ళ జాడ పట్టుకుని వెళ్ళాం. నాకు జాడ కూడా అక్కర్లేదు. గుర్తుకర్రలు లేనప్పుడు డారిల్ ఏ గీత పట్టుకుంటాడో నాకు తెలుసు. టవరు దగ్గర మొదలయ్యే ఆ లావుపాటి ఎర్రగీత, అయిదు నక్షత్రాలది. అరవై ఎనిమిదిసార్లు తిరిగి నేనే గీశాను. దారిలో సరస్సు మీది మంచుగడ్డ మందం ప్రతిచోటా కన్నం పెట్టి కొలిచాను, పద్నాలుగు అంగుళాలకి తక్కువ లేదు. ఆఖరున ఆ మీట నొక్కాను. ముక్కుతోనే.

ఆ గీత నా ఆవిరిస్నానపు గది, సౌనా తలుపు దగ్గర ఆగుతుంది.

మేం చేరేసరికి పదమూడుమందీ నా పెరట్లో నిలబడి ఉన్నారు. మీ అమ్మ తెల్లారినప్పట్నుంచీ పొయ్యి రాజేసే ఉంచింది, కాఫీ, పదిహేను పాస్టీలు సిద్ధం. డారిల్ ఫోన్ పట్టుకుని, "దారి ఇంకా ముందుకుండాలే" అంటున్నాడు. "పోనీలే, అందరం క్షేమంగా చేరాం, పదిహేనూ ఉన్నాయి."

"అయితే మేమిద్దరం ఎవరం?" అన్నాను వెనకనుంచి.

వాడు తెర చూశాడు. వెర్న్ మీసాల మీది మంచు చూశాడు. మళ్ళీ తెర చూశాడు. అప్పుడు వాడి మొహం చూసి నాకు కోపం పోయింది. చెడ్డవాడు కాదు, లెక్కపెట్టడం ఇంకోదానికి అప్పజెప్పాడు, అంతే.

సౌనాలో అందరం కూర్చున్నాక, జేబుల్లేని చోట, ఫోన్లు బయట మేజోళ్ళలో ఉండగా, డారిలే లేచి మళ్ళీ ఓటింగు పెట్టాడు. పద్నాలుగు చేతులు లేచాయి, మొదటిది వాడిదే. అందరూ నావైపు చూశారు. నేను గుప్పిట మూసి ఎత్తాను. అందరూ వచ్చేశారు, ఇక తలుపు వెయ్యండి.

ఇట్లు,
ముందుబండి మామయ్య

తా.క. వచ్చే ఏడు డారిల్ నా వెనక రెండో బండి, ఫోన్లు వాడి శాఖ. తోకబండికి లెక్కపెట్టడం వచ్చిన మనిషి కావాలన్నారు. గంటన్నర బల్ల కింద కూర్చుని ఒక్క చుక్కకోసం ఆరుగురిని పంపిన మనిషి నాకు తెలుసన్నాను. నీ పేరు రాసేశారు. మీ మేనేజరుకి చెప్పుకో.