నలభైమందితో తరలివెళ్ళిన పెళ్ళి

దుర్ముఖి నామ సంవత్సరం, మాఘ శుద్ధ పాడ్యమి. పొద్దున్న.

కొత్త పుస్తకం. రాజమండ్రిలో రెండణాలు పెట్టి కొన్నాను. తమ్ముడు జగన్నాథం పెళ్ళి దశమినాడు. నాన్నగారు పోయాక ఇంటికి పెద్దని నేనే. మా ఇంట్లో ఏ పెళ్ళీ లెక్కప్రకారం జరిగి ఎరగదు. ఇది జరుగుతుంది!

తీర్మానాలు:
ఒకటి, ఖర్చు మూడువందల రూపాయలు. పైన ఒక్క కానీ లేదు.
రెండు, తరలివెళ్ళేది నలభైమంది. రెండు పడవలు.

రెండోది మాటిచ్చిన సంగతి. పెళ్ళికూతురి తండ్రి బుల్లియ్యగారిది గోదాట్లో లంక. శ్రావణంలో వరదకి అరటితోట మొత్తం కొట్టుకుపోయింది. నన్ను పక్కకి పిలిచి, "నలభైమందికైతే అప్పు లేకుండా గట్టెక్కుతానండి, చంద్రరావుగారూ" అన్నారు. చేతిలో చెయ్యేశాను.

విదియ.

పేర్లు రాశాను. సరిగ్గా నలభై. మూడుసార్లు చదువుకున్నాను, ముచ్చటగా ఉంది.

తదియ. సాయంత్రం.

మేనత్త సంపూర్ణమ్మ దిగింది. జాబితా చూపించాను. శుభకార్యానికి సరిసంఖ్య ఏంట్రా అంది. నలభై ఒకటి చేశాను. ఆ ఒకటీ అత్తయ్యే. ఒక్కరికి లంక మునిగిపోదు.

చవితి. మధ్యాహ్నం.

మా ఆవిడ సత్యకుమారి కుంకుంభరిణె పట్టుకుని పిలుపులకి వెళ్ళింది. జాబితాలో ఉన్న ఇళ్ళకే వెళ్ళమన్నాను. వాటికే వెళ్ళిందట. కానీ దారిలో అరుగులమీద కూర్చున్నవాళ్ళకి బొట్టు పెట్టకుండా దాటిపోవడం ఎలాగండీ అంటుంది. కుంకం అయిపోయేదాకా పెట్టింది.

యాభై ఎనిమిది. చిన్న భరిణె ఇవ్వాల్సింది. నాదే తప్పు.

షష్ఠి.

మూడో పడవ. పడవ పల్లంరాజు తన పెళ్ళాన్నీ మరదళ్ళనీ కూడా ఎక్కిస్తాడట. పడవ తనదైనప్పుడు నేను కాదనేదేముంది.

ఖర్చు మూడువందల నలభై. మొదటి తీర్మానం పోయింది. పోతే పోయింది, డబ్బు నాది. రెండోది బుల్లియ్యగారిది, అది పోకూడదు.

సప్తమి.

గుండె రాయి చేసుకుని, ఈసారికి రావద్దని చెబుదామని, మొన్న అరుగుమీద బొట్టు పెట్టించుకున్న అచ్చాయమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ మజ్జిగ ఇచ్చింది. జగన్నాథాన్ని ఎత్తుకు పెంచాను, వాడి పెళ్ళి చూస్తే చాలు బాబూ అంది.

ఆవిడ చెల్లెల్ని కూడా పిలిచి వచ్చాను. ఎందుకు పిలిచానో తెలీదు. పక్కనే కూచుందాయె.

అష్టమి.

ఎనభై మూడు. పిలిచినవాళ్ళు వాళ్ళ చుట్టాల్ని పిలిచారట. నిద్ర లేదు. బుల్లియ్యగారికి కబురంపాలి. ఏమని అంపను?

నవమి.

జాబితా కాగితం కనబడలేదు. అత్తయ్య చింపి సున్నుండల బుట్టలో అడుగున పరిచిందట.

దశమి.

ఐదు పడవలు. నూట ఇరవై దాకా లెక్కపెట్టాను. తలలు లెక్కపెడితే దిష్టిరా అని అత్తయ్య నా చెయ్యి దింపేసింది. లంక కనబడేసరికి సన్నాయి మోగుతోంది, నాకేమో ఏడుపొస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

రేవులో బుల్లియ్యగారు పన్నీరుబుడ్డితో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు దూకి, మాట తప్పాను, క్షమించండి అన్నాను. ఆయన పడవలకేసి ఒకసారి చూశారు.

"నూటయాభైమందికి వండించానండి" అన్నారు. "నలభైకి మీరు చేతిలో చెయ్యేశారంటే, పాపం ఆయనకి పెళ్ళిళ్ళు కొత్త అంది మా ఆవిడ."

అప్పు చేశారా అని అడిగాను.

"లేదండి. లంకలో ఇంటికో కుంచెడు బియ్యం తెచ్చి పోశారు. మొన్న వరదలో అందరం ఒకే గట్టుమీద తలదాచుకున్నాం కదండీ. రండి, విస్తళ్ళు వేశారు."

కడుపునిండా తిన్నాను. నలభై అని మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది ఇంకా సిగ్గుగా ఉంది.

పౌర్ణమి.

కొత్తకోడలితో ఇల్లు చేరాం. ఎల్లుండి పెళ్ళికూతురివారికి మా ఇంట్లో విందు. బుల్లియ్యగారు కబురంపారు, పాతికమందిమే వస్తామండి అని.

కొత్త పేజీ తీశాను. తీర్మానం: పాతికమంది. ఒక్క విస్తరి ఎక్కువైనా ఒప్పుకునేది లేదు!

సిరా ఆరనిచ్చి వంటింట్లోకి వెళ్ళాను. నూటపాతికమందికి బియ్యం తీయించమని చెబుదామని. సత్యకుమారి అప్పటికే నూటయాభైమందికి కొలిచి పెట్టింది.