గేటు ముందు నేనొక్కదాన్నే

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. పేపర్లో తలకి కట్టుతో ఉన్న పిల్ల నేను కాదు, కంగారుపడకు. కాలేజీలో ఫీజుల పెంపు మీద మా సమ్మె ఇంకా నడుస్తోంది. హాస్టల్ మెస్ మూసేయడంతో అందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మా సమ్మె టెంటు ఖాళీగా ఉంటే పీకేస్తారని నిన్న మధ్యాహ్నం గేటు ముందు నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఊరుకోలేక "పెంచిన ఫీజులు" అని అరిచాను. "తగ్గించాలి" అనడానికి ఎవరూ లేరు, అదీ నేనే అన్నాను. మళ్లీ అరిచేసరికి గేటు లోపలి నుంచి వాచ్‌మన్ మెల్లగా "తగ్గించాలి" అన్నాడు. నేను తలెత్తి చూస్తే, "ఒక్కదానివే అరుస్తుంటే వినలేకపోతున్నానమ్మా. ఎవరితోనూ అనకు, నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు. ఇవాళ ఆయన కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. సెలవు పెట్టాడో, తీసేశారో, అడగడానికి ధైర్యం చాల్లేదు.

నా మందపాటి దుప్పటి పంపించు. కుట్టుమిషను బెల్టు మార్పించావా? సమ్మెలోకి దిగానని నాన్నకి ఇంకా కోపమేనా? నా దణ్ణాలు చెప్పు, వద్దంటే నువ్వే ఉంచుకో. వచ్చే ఏడు చెల్లి ఈ గేట్లోంచే రావాలి కదా. ఈ కార్డు చదివాక దాని చేత ఒక్కసారి గట్టిగా "తగ్గించాలి" అనిపించు. నాకు వినపడదులే, అయినా అనిపించు.

నీ పెద్దది