అమ్మ గడియ వేసింది

తమ్ముడూ,

బీడీల తునికాకు పని మళ్లీ మొదలైంది. పెనుబల్లి దాకా సెల్‌ఫోన్లు వచ్చాయి, మన ఊళ్లో ఇంకా సిగ్నల్ లేదు. నువ్వు ఆకు తెంపడానికి అడవికి పోయి తిరిగిరాని ఆ వేసవి నుంచి నిన్నటిదాకా అమ్మ మన తలుపుకు గడియ వేయలేదు.

అన్నం వండే ముందు దేవునికని పిడికెడు బియ్యం కుండలో వేసి, ఆదివారం చర్చికి తీసుకుపోయే అలవాటు నీకు తెలుసు కదా. నువ్వు పోయాక అమ్మ ఆ పిడికెడు నీ పేరు చెప్పే వేసేది. ప్రార్థన చేసి కళ్లు తుడుచుకునేది. అంతలోనే కుక్క మొరిగితే వాకిట్లోకి ఉరికేది. ఆకు కట్టలతో ఎవరొచ్చినా ముందు వాళ్ల నడక చూసేది.

ఈరోజు ఆకుకు పోయినవాళ్లంతా ఇళ్లకు చేరారు. అమ్మ ప్రార్థన ముగించి, లేచి తలుపు మూసి గడియ వేసింది. ఆ చప్పుడుకు నేను తలెత్తి చూశాను.

"గడియేసినవేందమ్మా?" అన్నాను.

"దేవునికని ఏసిన బియ్యం మళ్ల తీసుకుంటమా బిడ్డా? వాణ్ణి రోజూ ఆయన చేతుల పెడుతున్న, రోజూ నేనే మళ్ల గుంజుకుంటున్న. ఇయ్యాల ఇడిశిపెట్టిన" అంది.

పడుకోగానే నిద్రపోయింది. ఆ ముఖంలో దిగులు లేదు.

నేనూ ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాక కూడా నా చెవులు వాకిట్లోనే ఉన్నాయి. తలుపు అవతల ఎవరో చెప్పులు విడిచినట్టనిపించింది.

చప్పుడు కాకుండా లేచి గడియ తీశాను.

అమ్మకు చెప్పకు తమ్ముడూ.