కాయ మీదున్న చెట్టు ఫొటో

ఆగిరిపల్లి

అమ్మకి,

నీ పద్మ దండాలు పెట్టి రాస్తున్నది. పిన్ని, బాబాయి, నేను ఇక్కడ బాగానే ఉన్నాం. నాన్న దగ్గు తగ్గిందా? నాయనమ్మ వేళకి తింటోందా? తమ్ముణ్ణి ఎండలో తిరగనివ్వకు. నా గురించి బెంగపడొద్దు, నేను బాగానే ఉన్నాను.

బాగానే ఉన్నాను గాని కుదురు లేదమ్మా. ఒంటిపూట బడులు పెట్టారు. మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఈ మామిడితోటలో మాట్లాడే మనిషి ఉండదు. కాలుగాలిన పిల్లిలా చెట్ల కింద తిరుగుతున్నాను. పిన్ని కూరల్లో కారం తక్కువ, పప్పులో ఎప్పుడూ మామిడికాయే. మన ఊళ్ళో ఏడో తరగతి తర్వాత కూడా బడి ఉంటే నాకీ పాట్లు ఉండేవా?

ఒక్కటే సంతోషం. మా సైన్సు మాస్టారు తన కెమెరా తెచ్చి మా తొమ్మిదో తరగతి వాళ్ళకి ఫొటోలు తీయడం నేర్పుతున్నారు. సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. ఎండ ఎక్కువైతే లోపలికి వెలుతురు వెళ్ళే బెజ్జం చిన్నది చేయాలి. బటన్ నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. "నువ్వు నిలబడ్డ చోట నిలబడవు కదమ్మాయ్, నీ ఫొటోలో మనుషులకి రెండేసి ముక్కులొస్తాయి" అని నన్ను ఏడిపిస్తారు. రీలు ఖరీదు కాబట్టి మనిషికి ఒక్క ఫొటోనే. నా వంతు వచ్చినప్పుడు మాస్టారిని మా తోటకే తీసుకొచ్చాను.

బాబాయి ఈ ఏడు గుత్తకి తీసుకున్న తోట ఇది. గేటు పక్కనున్న చిన్నరసం చెట్టు కొమ్మలు నేలకి వంగేలా కాసింది. దిష్టి తగలకుండా బాబాయి దానికి పాత చెప్పు కట్టాడు. ఫొటోలో అది అసహ్యంగా ఉంటుందని నేను విప్పి పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాను. పిన్ని చూసి పరుగెత్తుకొచ్చింది. "నీకు మతి పోయిందా ఏంటే? కాయ మీదున్న చెట్టుకి చెప్పు విప్పుతారా ఎవరైనా?" అని మాస్టారి ముందే తిట్టి, మళ్ళీ కట్టింది.

ఆ సాయంత్రమే గాలిదుమారం లేచింది. తెల్లారేసరికి తోటంతా కిందపడ్డ పచ్చికాయే. గంపలకెత్తుతుంటే నాకు ఏడుపాగలేదు. "ఇంక ఆ కెమెరా జోలికెళ్ళావంటే మీ ఊరు పంపించేస్తా" అంది పిన్ని. బాబాయి నా గంప కూడా తనే ఎత్తుకుని మోశాడు. అదే భరించలేకపోయాను. చుట్టుపక్కల తోటల్లో కూడా రాలిందని, వాటికీ చెప్పులు కట్టే ఉన్నాయని మాస్టారు చెప్పారు. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. నా వల్లేనా అమ్మా?

నిన్న బెజవాడ నుంచి ఫొటోలు కడిగి వచ్చాయి. నాది కదలకుండా వచ్చింది, ప్రతి కాయా కనబడుతోంది. భయపడుతూనే బాబాయి చేతిలో పెట్టాను. అరుగు మీద కూర్చుని, పూత చూసి పంట అంచనా కట్టేటప్పటిలా, కొమ్మ కొమ్మకీ వేలు పెట్టి చూశాడు. "ఇంత కాసిందే!" అన్నాడు. తర్వాత, "మాస్టారు మళ్ళీ ఎప్పుడు నేర్పుతారంటమ్మా?" అని అడిగాడు. పిన్ని వింటూనే ఉంది, వద్దనలేదు.

ఇటు వచ్చేవాళ్ళుంటే మన కారం, కాస్త గోంగూర పచ్చడి పంపు. నాన్నకీ నాయనమ్మకీ నా దండాలు. పరీక్షలు బాగా రాయాలని అందరూ దీవించండి. ఆ ఫొటో నీకే పంపుదామని పెద్ద కవరు కూడా తెచ్చుకున్నాను. ఇవాళ పొద్దున్నే బాబాయి దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, రాలిన కాయ అమ్మడానికి నూజివీడు వెళ్ళాడు. ఇమ్మని అడగలేకపోయానమ్మా.

ఇట్లు,
నీ కూతురు
పద్మ