పెద్దమ్మ గుడి అంటే గుట్ట అని చెప్పిన విషయమై

నాచారం,
అక్టోబరు 2011.

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారి సముఖమునకు,
రంగారెడ్డి జిల్లా.

అయ్యా, లేదా అమ్మా (తమరెవరో నాకు తెలియదు, నేనెవరో తమకు తెలియకూడదు),

విషయం: మా ఇంట్లో ఐదో నెల గర్భవతికి ఈ సోమవారం ఘట్‌కేసర్‌లో చేయించబోవు రెండో స్కానింగును ఆపించుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి చదువుచున్నాను. తెలుగులో అర్జీ రాయడం ఇదే మొదటిసారి. పక్కింటి బసవరాజు అంకుల్ డ్రైనేజీ గురించి పెట్టిన అర్జీ నకలు ముందు పెట్టుకుని రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా మురుగునీరు వస్తే దయచేసి దాటి చదవగలరు.

1. సదరు గర్భవతి మా అమ్మ. నా వయసు పిల్లకు తమ్ముడో చెల్లెలో పుట్టబోతున్నట్టు క్లాసులో ఎలా చెప్పుకోవాలి? అమ్మకు గ్యాస్ ట్రబుల్ అని చెప్పాను. గ్యాస్ ట్రబుల్‌కు ఐదు నెలలు ఏమిటని ఇంకా ఎవరూ అడగలేదు.

2. నేను పుట్టిన తరువాత అమ్మ రెండుసార్లు బోడుప్పల్‌లో ఒక దవాఖానాకు వెళ్లి, రెండుసార్లూ గోడ పట్టుకుని నడుస్తూ తిరిగి వచ్చింది. "రక్తం తక్కువైంది, ఎక్కించిన్రు" అని నానమ్మ చెప్పింది. బయాలజీలో నాకే ఫస్ట్ మార్కు. అయినా నమ్మాను. మొన్న బట్టలు పిండుతూ అమ్మ, "మూడోసారంటే నా పానం ఉండది బిడ్డా" అన్నాక గానీ బుర్ర వెలగలేదు. ఆ రెండుసార్లూ ఆడపిల్లలే. మొదటి ఆడపిల్లను నేను. అప్పట్లో ఉప్పల్‌లో స్కానింగులు ఇన్ని లేవు కనుక బతికి, ఇలా తమరి సమయం వృథా చేయగలుగుచున్నాను.

3. తెలంగాణ కోసం సమ్మె మొదలవకముందు ఉప్పల్‌లో ఒక స్కానింగ్ సెంటరుకు వెళ్లాము. ఇంగ్లీషు కాగితాలు చదవడానికని నన్ను కూడా తీసుకెళ్లారు. అక్కడ కింద మెట్ల దగ్గరే ఒక బోర్డు ఉంది. లింగ నిర్ధారణ చేసినా చేయించినా జైలు అని. "ఏమున్నది బిడ్డా గండ్ల?" అని మా నానమ్మ వెంకటనర్సమ్మ అడిగితే, ఎలోక్యూషన్‌లో ప్రైజు కొట్టిన గొంతుతో మొత్తం చదివి అర్థం కూడా చెప్పాను. "మస్తు సదివినవ్. నీ ఫీజులు దండగ గాలె" అని మెచ్చుకుని, మోకాళ్ల నొప్పులని బోర్డు కిందే కూర్చుని మమ్మల్ని పైకి పంపింది.

4. ఆ సెంటరులో ఆడా మగా అని నోటితో చెప్పరు. ఫైలు ఇచ్చేటప్పుడు ఏ గుడికి పోవాలో చెబుతారు. యాదగిరిగుట్ట అంటే మగపిల్లవాడు. పెద్దమ్మ గుడి అంటే ఆడపిల్ల. ఈ సంగతి మా గల్లీలో అందరికీ తెలుసు, చట్టానికి తప్ప. లోపల అమ్మ పొట్ట మీది జిగురు తుడుచుకుంటుండగా కౌంటరు దగ్గర ఒకతను ఫైలు నా చేతికిచ్చి, "పెద్దమ్మ గుడికి పోయిరాండ్రి" అన్నాడు.

5. మెట్లు దిగుతూ నేను ఏ ధైర్యమైన నిర్ణయమూ తీసుకోలేదని మనవి. కిందికి రాగానే నానమ్మ లేచింది.

"ఏమన్నడే?"

"గుట్ట అన్నడు నానమ్మా."

"మంచిగ ఇన్నవా? నీకు తెలుగే సక్కగ రాదాయె!"

"నరసింహస్వామి అని గూడ అన్నడు."

ఈ రెండో అబద్ధం ఎవరూ అడగలేదు. అదనంగా ఇచ్చాను. నానమ్మ రోడ్డు మీదే నిలబడి, వరంగల్ పోయే బస్సులకు అడ్డంగా, గుట్ట దిక్కుకు దండం పెట్టింది.

6. అప్పటినుంచి అమ్మకు మేక కాళ్ల పాయ, దానిమ్మ పండ్లు, పాలు. నానమ్మే గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుని తినిపిస్తున్నది. అమ్మ ముఖానికి నెత్తురు పట్టింది. అదే కొంప ముంచింది. "మొకం గింత తేటగున్నది, కడుపు గుండ్రంగున్నది. గిది మగపిలగాని కడుపు గాదు. ఘట్‌కేసర్ల ఇంకోతాన సూపిద్దాం" అని నానమ్మ పట్టుపట్టింది. సమ్మె పుణ్యమా అని ఇన్నాళ్లూ బస్సులు లేవు, మిషను నడవడానికి కరెంటు లేదు. మా ఇంట్లో అందరికన్నా గట్టిగా జై తెలంగాణ అన్నది నేనే. నాకు ఉద్యమం మీద ఇంత ప్రేమ ఉందని మా డాడీ మహిపాల్ కంపెనీలో అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు బస్సులు నడుస్తున్నాయి. సోమవారం ఆడపిల్ల అని తేలితే మళ్లీ బోడుప్పలే.

7. డాడీ చెడ్డవాడు కాదు. నానమ్మ ఈ మాటలు మొదలుపెడితే టీవీ సౌండ్ పెంచుతాడు, అంతే. చట్టంలో భర్తను కూడా పట్టుకుంటారని చదివాను. దయచేసి డాడీని పట్టుకోవద్దు. నానమ్మను కూడా వద్దు, ఆమె జైలుకు పోతే అక్కడివాళ్లకు కష్టం. కొంచెం భయపెట్టండి చాలు. తమరి జీపు ఒకసారి మా ఇంటి ముందు ఆగినా సరిపోతుంది. ఆ సెంటర్లను మాత్రం భయపెట్టి ఊరుకోవద్దు.

కావున తమరు దయతలచి, దుర్వాసనతో బాధపడుచున్న మా వీధి ప్రజలను (ఇది డ్రైనేజీ వాక్యం, వదిలేయండి) మా అమ్మను సోమవారంలోపు కాపాడవలసినదిగా కోరుచున్నాను. చిత్తగించవలెను. చిత్తగించడం అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు. ఏదైనా సరే, తొందరగా చేయండి.

తమ విధేయురాలు (ఇంట్లో కాదు),
ఒక పౌరురాలు.

తా.క.: ఇది మడుస్తుండగా అమ్మ వచ్చింది. తెలుగు హోంవర్క్ అన్నాను. నేను తెలుగు హోంవర్క్ చేస్తున్నానంటే ఎవరు నమ్ముతారు? తీసుకుని మొత్తం చదివింది. గ్యాస్ ట్రబుల్ దగ్గర నవ్వింది. ఆ తరువాత నవ్వలేదు.

"కౌంటర్ల ఆయన అన్నది నాకు గూడ ఇనబడ్డది" అంది.

"మరి ఎవ్వరికీ చెప్పలేదేం మమ్మీ?"

"నువ్వు గుట్ట అన్నంక నేనేం జెప్పాలె?"

కాగితం నా చేతికిచ్చి, "పేరు లేని అర్జీ ఎవలు సదువుతరు పిచ్చిదానా? నా పేరు రాయి. కడుపు నాది గద" అంది.

అందుచేత మొదట్లో "నేనెవరో తమకు తెలియకూడదు" అన్న ముక్క రద్దు చేయడమైనది.

(సంతకం) అరుణకుమారి
(సంతకం) గౌతమి, పై ఆమె కూతురు

ఇంటి నంబరు కవరు మీద రాశాము. జీపులో వచ్చినవారు అడిగితే ఇద్దరం పెద్దమ్మ గుడి అనే చెబుతాము. నానమ్మ అడిగితే మాత్రం గుట్టే.