ఆపి ఉంచిన ముప్పై ఒక్క ఉత్తరాలు

నర్సీపట్నం,
మంగళవారం.

చిరంజీవి గౌతమికి, నీ బిడ్డకి, అల్లుడుగారికి మీ నాన్న కోటి ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా ఆరోగ్యంగానే ఉన్నాం. అందరం క్షేమమని మాత్రం రాయలేకపోతున్నాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

తల్లీ, నేను తాతనయ్యాను! ఈ సంగతి నాకు నిన్న పొద్దున్న పదకొండు గంటలకి తెలిసింది. పాప పుట్టి మూడు నెలలయిందట! ఫోటో చూసి కొట్లోనే ఏడ్చేశాను. ఆ నుదురు మా అమ్మదేనమ్మా, అచ్చం మా అమ్మదే. వీధిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించాను. పాపకి గిలక్కాయ పంపమన్నావు కదా, ఏటికొప్పాకలో లక్క రంగులు వేయించి నాలుగు తెప్పిస్తున్నాను. నోట్లో పెట్టుకున్నా భయం లేదు.

ఫోన్ చేస్తే నేను పెట్టేస్తానని భయపడి ఉత్తరాలే రాశానన్నావు. ఇన్ని రాసినా నాన్న జవాబివ్వలేదేమని అడిగావు. అమ్మా, నీ ఉత్తరం ఒక్కటీ నాకు చేరలేదు.

మన బొమ్మల కొట్టు మెయిల్‌కి లాటరీలనీ లోన్లనీ రోజూ బండెడు చెత్త వచ్చేది. నిరుడు నీ తమ్ముడు వీరేంద్ర వేరే కంపెనీ ఫిల్టరొకటి కొని తగిలించాడు. వచ్చిన ప్రతి ఉత్తరమూ ముందు దాని దగ్గర ఆగుతుంది. మనమిచ్చిన జాబితాలో పేరుంటే లోపలికి పంపుతుంది. లేకపోతే తన పెట్టెలో పెట్టుకుంటుంది. కొత్త ఆర్డర్లేవైనా ఆగితే వీరేంద్రే ఫోన్లో చూసి వదిలేవాడు. నేను మెయిల్‌లో ఉండే స్పామ్ పెట్టె రోజూ వెతికేవాణ్ణి. ఫిల్టర్‌కి ఇంకో పెట్టె ఉందని నాకెవరూ చెప్పలేదు.

మొన్న మెయిల్ ప్రోగ్రాం కొత్తది వేసుకోమని అడిగితే వేశాను. దాంతో దానికీ ఫిల్టర్‌కీ పొత్తు కుదరక ఉత్తరాలే ఆగిపోయాయి. వీరేంద్ర ఊళ్ళో లేడు. కంప్యూటర్ సెంటర్ సత్యలక్ష్మిని పిలిచాను. గంటసేపు కుస్తీ పట్టి రెండింటినీ కలిపింది. కలిపాక ఆగిపోయి నన్ను చూసింది.

"బాబాయిగారూ, గౌతమి ఎవరండీ?"

"మా అమ్మాయి. ఏటమ్మా?"

"ఆవిడ రాసినవి ముప్పై ఒక్క ఉత్తరాలు ఇక్కడ ఆపేసున్నాయండి. ఆగినవాటి లిస్టు రోజూ ఒక ఫోన్‌కి ఎల్తంది కూడానండి."

"ఎవరి ఫోన్‌కి?"

"మీ అబ్బాయిగారిదేనండి."

ఉగాదినాడు నేనే వాడితో అన్నాను, అక్క పేరు జాబితాలో వెయ్యరా అని. "ఏసేశాను నాన్నా" అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "అక్కకింకా కోపం తగ్గలేదు, బలవంతం సెయ్యకు" అనేవాడు. నా పక్కన కూర్చుని అన్నం తింటూ అనేవాడమ్మా! ఏడో నెలలో నువ్వు "పురుటికి పుట్టింటికి రమ్మంటారా?" అని రాసిన ఉత్తరం కూడా ఆ పెట్టెలోనే ఉంది. తొలి పురుడు నీకు పరాయి ఊళ్ళో అయిపోయింది.

సాయంత్రం వాడొచ్చాక నిలదీశాను.

"నాకు రావికమతం సంబంధం మాటాడతన్నారు కదా నాన్నా. మనం వద్దన్న పెళ్ళి సేసుకున్న అక్క పురుటికొచ్చి ఇంట్లో ఉంటే ఆళ్ళేటనుకుంటారోనని బయమేసింది. పెళ్ళయిపోయాక సెబుదామనుకున్నాను."

"నీ పెళ్ళి దాకా దాని కడుపు ఆగుతాదేట్రా?" అని అమ్మ ఒక్కటిచ్చింది. నేను చెయ్యెత్తలేకపోయాను. బయటివాళ్ళు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. కన్నకొడుకుని ఏమని తిట్టుకోను?

ఇక నా తప్పు కూడా చెప్పాలి. రాయకుండా ఉంటే నేనూ దాచినవాణ్ణే అవుతాను. ఫిల్టర్ పెట్టిన రోజున జాబితాలో వేయాల్సిన పేర్లు నేను చెబుతుంటే వీడు రాశాడు. నీ పేరు దగ్గర ఆగి, "అక్కది?" అని అడిగాడు. నువ్వు మెయిల్‌లో కొత్త ఇంటిపేరు పెట్టుకున్నావని నాకు మంట. "ఆ ఇంటిపేరు వాళ్ళెవరూ మనకి లేరు. తీసెయ్" అన్నాను. ఉగాదికి మనసు మారినా, ముందు నువ్వే రాయాలని బెట్టు చేసి కూర్చున్నాను. మొదట తలుపు వేసింది నేనే తల్లీ. తియ్యమన్నాక కూడా తియ్యకుండా, తీశానని చెప్పినవాడు వాడు.

ఆఖరి ఉత్తరంలో, "ఇక రాయడం మానేయనా నాన్నా?" అని అడిగావు. మానకు. నీ పేరు జాబితాలో నా చేత్తో నేనే వేశాను. అయినా ఆ పెట్టెల మీద నమ్మకం చాలక ఇది పోస్టులో వేస్తున్నాను.

ఇది నీకు అందే వ్యవధి ఉంచి, ఈ శుక్రవారం కాక పై శుక్రవారం నేనూ అమ్మా అనకాపల్లిలో రైలెక్కి భిలాయి వస్తున్నాం. వీరేంద్ర తనూ వస్తానని నిన్న రాత్రి నుంచి అన్నం ముట్టడంలేదు. అమ్మ కరిగిపోయింది. నేనింకా మాట్లాడలేదు. నీ ఇంటికి ఎవరు రావాలో ఎవరు రాకూడదో చెప్పే హక్కు ఒకసారి తీసుకుని చూశాను, ఇక నాకొద్దు. కొట్టుకి ఫోన్ చేసి ఎన్ని టిక్కెట్లు తియ్యాలో నువ్వే చెప్పు. రెండంటే రెండు, మూడంటే మూడు. ఎందుకని అడగను.

ఇట్లు,
పాపని చూడాలని తొందరపడుతున్న
మీ నాన్న