బాగుందన్న మాట

మార్చి 4, సాయంత్రం

చేరాను. నాన్న పుట్టిన వీధి ఇదే. బస్సు దిగగానే రంపం చప్పుడు, తాజా పొట్టు వాసన. వడ్రంగి పని చేసే నాన్న చొక్కా వాసన అది. ఇంత వయసొచ్చాక నడిరోడ్డు మీద ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డాను. ఆటోవాడు పక్కకు తప్పుకోమని హారన్ కొట్టాడు.

అత్తయ్య, అంటే నాన్న అక్క, ఫోన్‌లో గొంతుగా తప్ప నాకు తెలియదు. గుమ్మంలో నన్ను ఆపి, ఒక కన్ను మూసి, తల పక్కకు వంచి నా భుజాల వెంట ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. తర్వాత నా మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. తమ్ముడు పోయి నాలుగు నెలలైనా ఏడవడానికి సరైన మనిషి దొరకలేదట.

మార్చి 5

ఆ ఒక కన్ను మూసి చూడడం నాన్న ఒక్కడికే ఉన్న పిచ్చి అనుకునేదాన్ని. గోడ మీద క్యాలెండర్, నా పాపిడి, చివరికి నా పెళ్లి ఫోటో, అన్నీ అలాగే చూసేవాడు. ఈ మనిషిని డాక్టరుకు చూపించాలని అమ్మ అనేది. ఇక్కడైతే వీధి వీధంతా అడ్మిట్ చేయాలి. అత్తయ్య కొడుకు, బావ, వడ్రంగి. చెక్కను అలా చూస్తాడు, సరే. టీ కొట్టాయన బెంచీని అలాగే చూస్తాడు. పక్కింటావిడ కూతురికి జడ వేసి అలాగే చూసింది.

నాన్న రెండో గుణం కూడా ఇక్కడిదే. బావ షెడ్డులో ఒకతను కుర్చీ పూర్తి చేశాడు. పక్క షాపులవాళ్లు పిలవకుండానే వచ్చారు. ఒకరు చేయి కొంచెం బరువన్నారు. ఇంకొకరు వెనక కాలు బయటికి పోయిందన్నారు. ఒక్కరైనా మెచ్చుకుంటారేమో అని చూస్తూ ఉన్నాను. ఊహూ. కుర్చీ చేసినవాడి మొహం మాత్రం వెలిగిపోతోంది.

నాకు చిన్నప్పుడు డ్రాయింగ్‌లో ప్రైజ్ వస్తే, పక్షికి కాలు పొట్టిగా ఉందన్నాడు నాన్న. నేను డెంటల్ లాబ్ పెట్టిన రోజు బోర్డు ఒక పక్కకు వాలిందన్నాడు. ఆయన నోట మంచి మాట రావడం గగనం. ఒక్కసారే వచ్చింది. ఆ ఒక్కసారినీ నాతోపాటు బ్యాగ్‌లో తెచ్చుకున్నాను.

మార్చి 6

ఇవాళ చూపించాను.

కట్టుడు పళ్లు చేయడమే నా పని. నాన్నకు జబ్బు ముదిరాక పాత కట్టుడు పళ్లు వదులైపోతే, కొత్త సెట్టు ఇంకెవరికీ ఇవ్వకుండా నేనే చేశాను. మైనం, అచ్చు, పాలిష్, అన్నీ నా చేత్తోనే. మంచం మీద కూర్చోబెట్టి పెట్టాను. నోరు మూసి, తెరిచి, నావైపు చూసి, బాగుందన్నాడు. అంతే. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ తర్వాత నాన్న తిండి బాగా తగ్గిపోయింది. జబ్బు వల్లే అనుకున్నాం. సెట్టు తానే కడుక్కునేవాడు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పోయాక బట్టలో చుట్టి డబ్బాలో పెట్టేశాను. లోపలి వైపు చూసే ధైర్యం ఇప్పటికీ లేదు.

నాన్నవాళ్లు నా పనితనం చూడాలనిపించింది. దాచడం ఎందుకు, గొప్పగానే అనిపించింది. బట్ట విప్పి బావ ముందు పెట్టాను. చేతులు తుడుచుకుని, ముట్టుకోకుండానే వంగి చూసి, చాలా బాగుందన్నాడు. అత్తయ్య కూడా వంటింట్లోంచి తొంగి చూసి బాగుందమ్మా అంది.

నిన్నటి కుర్చీ గుర్తొచ్చింది. దాన్ని అందరూ కలిసి ఏకిపారేశారు, దీన్ని మెచ్చుకుంటున్నారేంటి అని నవ్వుతూనే అడిగాను. బావ కూడా నవ్వాడు. బయటివాళ్లకు బాగుందని చెప్పి పంపేస్తాం మరదలా, మనవాళ్లకైతే ఎక్కడ పోయిందో చెప్తాం, మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. నువ్వు చుట్టపు చూపుగా వచ్చావు కదా, అందుకని అన్నాను, వేరే ఏమీ కాదు అని సర్దబోయాడు.

బావ మాట నాకు పట్టలేదు. నాన్న మాటే పట్టింది. జీవితమంతా నన్ను తనవాళ్లలో ఉంచుకుని, చివర్లో బయటికి పంపేశాడా? ఇంక ఈ పిల్లకు చెప్పి లాభం లేదనుకున్నాడా?

మార్చి 7

ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. తలనొప్పి అని చెప్పాను.

మార్చి 8, రాత్రి

ఈ తలనొప్పి టాబ్లెట్‌తో పోయేది కాదులే అంది అత్తయ్య. నా పక్కన చతికిలబడి, ఏమైందో చెప్పే దాకా లేవనంది. చెప్పాను. సెట్టు ఇటు తెమ్మంది. ఈసారి ముట్టుకుంది. తమ్ముడి పళ్లని అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో అంచులన్నీ తడిమింది. కింది సెట్టు ఎడమ అంచు దగ్గర వేలు ఆగింది. ఇక్కడ గరుకు కాగితం పట్టారు, నువ్వేనా అని అడిగింది.

నేను కాదు. మా లాబ్‌లో అంచులు అద్దంలా చేసి పంపుతాం. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. గీతలు. అన్నీ ఒకే వైపుకు, చెక్క మీద పట్టినట్టు. మేం మోటారుతో గుండ్రంగా తిప్పుతాం. ఆ అంచు నేను ఎక్కువ వదిలాను, ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. చిగుళ్లకు గుచ్చుకునే ఉంటుంది. తిండి తగ్గింది అందుకేనేమో. నొప్పి భరించి, ఎవరూ చూడకుండా మంచంలో కూర్చుని నా తప్పు తానే దిద్దుకున్నాడు. అన్నం పళ్లెం ముందు పెట్టి తినమని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

ఆ రోజు నీ మొహం ఎలా ఉందో ఏమిటో అంది అత్తయ్య. ఎలా ఉంటుంది, ఆస్పత్రికీ లాబ్‌కీ తిరిగి నిద్ర లేక పీక్కుపోయి ఉంది. అలాంటి మొహం చూసి చెప్పలేకపోయి ఉంటాడు, మనసు ఒప్పకపోతే వాడు మాటతో పెట్టుకోడు, పని అందుకుంటాడు అంది. చెప్పాల్సింది అత్తయ్యా, చెప్తే ఐదు నిమిషాల్లో తీసేసేదాన్ని అన్నాను. ఆవిడ నా తల ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరం ఏడ్చాం.

సాయంత్రం బావ వచ్చి, మొన్న చెప్పలేదు గానీ పై వరుసలో ముందు పన్ను ఒకటి కొంచెం పొడుగైందన్నాడు. నిజమే. అయింది.

మార్చి 11, లాబ్

అందరూ భోజనానికి వెళ్లారు. ఆ గరుకు చోట నాలుక ఆనించి చూశాను.

ఇంకా సన్న కాగితం పట్టాల్సింది నాన్నా.